సీ డ్రైవ్ నిండింది, డీ ఖాళీగా ఉంది: ఏది మేలు?

గుంటూరులో ఎవరింట్లో కంప్యూటర్ చూడ్డానికి వెళ్లినా నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. సీ డ్రైవ్ గీత ఎర్రబడింది, డీలో బోలెడు చోటుంది, అందులోంచి కొంత తీసి ఇందులో కలపొచ్చా? కలపొచ్చు. కానీ సీలో చోటు సంపాదించడానికి నాలుగు దారులున్నాయి, వాటి ప్రమాదం ఒకేలా ఉండదు. పార్టిషన్లను, అంటే ఒకే డిస్కును విడగొట్టి చేసిన సీ, డీ లాంటి భాగాలను, అసలు ముట్టుకోని దారే ముందు చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ ఇబ్బందికి బీజం చాలాసార్లు కంప్యూటర్ కొన్నరోజే పడుతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) అని కొంటాం. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో కాబట్టి తెరమీద 238 జీబీయే కనిపిస్తుంది. అందులో సీకి 80, మిగతాది డీకి అని విడగొట్టి ఇస్తారు. విండోస్, దాని అప్‌డేట్లు, హైబర్నేషన్ ఫైలు, ఆఫీస్, టాలీ అన్నీ సీలోకే చేరతాయి. డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డౌన్‌లోడ్స్‌లోకి వచ్చినవి కూడా సీలోనే ఉంటాయని చాలామందికి తెలియదు. 256 జీబీ డిస్కును అసలు విడగొట్టకపోవడమే నయం. 512 జీబీ, ఆపైన అయితే రెండు చేసుకోండి, సీకి మాత్రం 150 జీబీకి తగ్గకుండా ఉంచండి.

ఏ దారి పట్టేముందైనా ఒకసారి స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఊరికే చూస్తే ఏమీ కాదు. కింద డిస్క్ 0 అన్న వరసలో ఎడమ నుంచి కుడికి డబ్బాలుంటాయి. మొదట 100 ఎంబీదో, 260 ఎంబీదో ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్, తర్వాత సీ, దాని పక్కన కొన్ని వందల ఎంబీల రికవరీ పార్టిషన్, ఆ తర్వాత డీ. అన్ని కంప్యూటర్లలోనూ ఇదే వరస ఉండకపోవచ్చు, అందుకే చూడమంటున్నాను. కంప్యూటర్ లేవాలంటే కావలసిన ఫైళ్లు ఆ ఈఎఫ్‌ఐలో ఉంటాయి. విండోస్ చెడితే బాగుచేసే సరంజామా రికవరీలో ఉంటుంది. ఈ రెండూ ఎందుకూ పనికిరాని ముక్కలనుకుని తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్ రికవరీ పార్టిషన్‌లో చోటు చాలక ఎన్నో కంప్యూటర్లలో ఎక్కలేదు. దాన్ని 250 ఎంబీ పెంచుకోమని మైక్రోసాఫ్టే చెప్పాల్సొచ్చింది. విండోస్‌కు ఆ చిన్న డబ్బా అంత ముఖ్యం.

ఇక మొదటి దారి, ఫైళ్లు జరపడం. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి టెంపరరీ ఫైల్స్ తీసేయండి. విండోస్ కొత్త వెర్షన్‌కు మారి ఎక్కువ రోజులు కాకపోతే పాత విండోస్ కాపీ అక్కడే కూర్చుని చాలా జీబీలు తింటూ ఉంటుంది. మామూలుగా పది రోజులకు దానంతటదే పోతుంది, వెనక్కి వెళ్లే ఉద్దేశం లేకపోతే ముందే తీసేయొచ్చు. తర్వాత డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను డీకి మార్చండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్. ఇక్కడ ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి: ముందు డీలో డాక్యుమెంట్స్ అని విడిగా ఒక ఫోల్డర్ చేసుకుని దానికే దారి చూపించాలి. వట్టి డీ డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయి కూర్చుంటుంది, వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్) ఆ ఫోల్డర్లను బ్యాకప్ చేస్తుంటే ముందు ఆ బ్యాకప్ ఆపాలి. ఈ దారిలో పార్టిషన్ పట్టిక చెక్కుచెదరదు, మధ్యలో కరెంటు పోయినా కంప్యూటర్ లేవకుండా పోయే భయం లేదు. ఇళ్లలో చాలావాటికి ఇది సరిపోతుంది.

రెండో దారి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే సీని పెంచడం. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. డీని ష్రింక్ చేస్తారు, అంటే కుదిస్తారు, 50 జీబీ అన్‌అలొకేటెడ్ (ఎవరికీ చెందని ఖాళీ) అని నల్లగీతతో కనిపిస్తుంది, సీ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిదరంగులో నొక్కుడు పడకుండా ఉంటుంది. బ్రాడీపేటలో మీ ఇల్లు పెంచుకోవాలంటే ఖాళీ స్థలం మీ గోడకు ఆనుకుని ఉండాలి గానీ, రెండిళ్ల అవతల ఉంటే లాభమేముంది? ష్రింక్ చేస్తే ఖాళీ డీకి కుడివైపున పుడుతుంది. సీకి కావలసింది తన కుడిపక్కనే. అంటే డీలో ఉన్నదంతా బయట హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుని, డీని పూర్తిగా తీసేసి, అప్పుడు సీని పెంచాలి. మధ్యలో రికవరీ డబ్బా ఉంటే అదీ కుదరదు. డీ సరిగ్గా సీ పక్కనే ఉండి, అందులోని సరుకు కొద్దిగానే ఉంటే మాత్రం ఇది మంచి పద్ధతి.

మూడోది, బయటి పార్టిషన్ సాఫ్ట్‌వేర్. ఇది డీని పోగొట్టకుండానే దాని మొదలును కుడికి జరుపుతుంది, రికవరీ డబ్బానూ జరుపుతుంది. వినడానికి సుఖంగానే ఉంటుంది. జరపడమంటే మాత్రం డిస్కు మీది ప్రతి ముక్కనూ చదివి ఇంకోచోట రాయడం. డీలో 300 జీబీ సరుకుంటే పాత తిరిగే హార్డ్‌డిస్కులో గంటలు పడుతుంది. సగంలో ఆగితే డీ మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. మే నెలలో మన ఊళ్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు సంగతి మీకు తెలిసిందే. ఇన్వర్టర్ ఉందిగా అనుకోవద్దు. కొన్ని ఇన్వర్టర్లు కరెంటు మారే క్షణంలో డెస్క్‌టాప్‌ను రీస్టార్ట్ చేసేస్తాయి. వాటికి యూపీఎస్ మోడ్ మీట ఉంటే అందులో పెట్టాలి. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్, ఛార్జర్ పెట్టి, బయట బ్యాకప్ ఉంటే సరే. ఆ బ్యాకప్ లేకపోతే నేను ఈ దారి చెప్పను.

నాలుగోది, పెద్ద ఎస్‌ఎస్‌డీ కొని పాతదాన్ని ఉన్నదున్నట్టుగా దానిలోకి కాపీ చేయడం, అంటే క్లోన్ చేయడం. డబ్బు ఖర్చే. కానీ పాత డిస్కును చదవడమే తప్ప దానిమీద ఏమీ రాయరు కాబట్టి, మధ్యలో ఆగితే మళ్లీ మొదలెట్టుకోవచ్చు. క్లోన్ చేసేటప్పుడే సీ సైజు పెంచమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి, లేకపోతే కొత్త దాంట్లోనూ రికవరీ డబ్బా అడ్డమొస్తుంది. ఏది ఎందులోకి కాపీ అవుతుందో సైజులు చూసి రెండుసార్లు నిర్ధారించుకోండి. తర్వాత మొదటిసారి పాత డిస్కు ఊడదీసే కంప్యూటర్‌ను లేపండి. రెండూ ఒకటే గుర్తింపుతో ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. ఫైళ్లు జరిపినా చాలనివాళ్లకు నా ఓటు దీనికే. పాత డిస్కును వెంటనే చెరపకండి, కొన్నాళ్లు అలమారలో ఉండనివ్వండి.

ఏది చేసినా డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి) ఉందేమో ముందు చూసుకోవాలి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడక్కుండానే అది ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంకో మాట, డీలో ఉంది కాబట్టి ఫొటోలు భద్రం అనుకోవద్దు. విండోస్ చెడి మళ్లీ వేసుకుంటే డీ నిలుస్తుంది. డిస్కే పాడైతే సీ, డీ రెండూ ఒక్కసారే పోతాయి.

డ్రైవ్ లెటర్ల (సీ, డీ అనే అక్షరాల) సంగతి ఇంతకన్నా చిన్నది. లెటర్ మారిస్తే లోపలి డేటా పోదు. కానీ దాన్ని నమ్ముకున్నవి తప్పిపోతాయి. మిర్చి యార్డు కమీషన్ కొట్టు లెక్కలు ఇంట్లో రాసే గుమాస్తాగారి టాలీ డేటా డీలో ఉందనుకుందాం. కొత్త డిస్కు పెట్టాక ఆ డీ కాస్తా ఈ (E) అయితే, టాలీ తెరవగానే కంపెనీల జాబితా ఖాళీ! గుండె జారిపోతుంది. డేటా ఎక్కడికీ పోలేదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌కు మళ్లీ డీ అని ఇస్తే లెక్కలన్నీ కనిపిస్తాయి. అందుకే ప్రోగ్రాములు, లెక్కలు ఉన్న డ్రైవ్ లెటర్‌ను మార్చకపోవడమే మేలు. బ్యాకప్ హార్డ్‌డిస్కుకు మాత్రం దీనికి తలకిందులు. ఇవాళ ఈ (E), పెన్‌డ్రైవ్ ముందు పెడితే రేపు ఎఫ్ అవుతుంది, బ్యాకప్ దారి తప్పుతుంది. దానికి పీ లాంటి దూరపు అక్షరం ఒకటి ఇచ్చేస్తే ఆ కంప్యూటర్‌లో అదే నిలుస్తుంది.

ఎప్పుడైనా 100 ఎంబీ డ్రైవ్ ఒకటి కొత్తగా కనిపిస్తే, అది ఈఎఫ్‌ఐకి పొరపాటున లెటర్ రావడమే కావచ్చు. లెటర్ తీసేయండి, లోపలి ఫైళ్లను కాదు. పాత డిస్కు తగిలించగానే ఫార్మాట్ చేయమని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని పక్కన రా (RAW), అంటే లోపలి ఫైళ్ల అమరిక విండోస్‌కు అర్థం కాలేదని, ఉంటే, ఫొటోలు కావాలనుకుంటే, అందులోకి ఏమీ కాపీ చేయకుండా తీసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.