పాత రిపోర్టులా, ప్రోబా? ఎంబీబీఎస్ పిల్లల స్కానింగ్ రీసెర్చ్‌కి ఏది మేలు?

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక, "సార్, అల్ట్రాసౌండ్ మీద ప్రాజెక్ట్ చేస్తాం" అని అడిగే సెకండియర్ పిల్లలు మన దగ్గరా ఎక్కువయ్యారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) విద్యార్థుల రీసెర్చ్‌కి ఇచ్చే స్టూడెంట్‌షిప్ అయితే చేతిలో ఉండేది 2 నెలలే. అందుకే గైడ్‌లం చాలామందిమి పాత రిపోర్టుల కట్ట ఇచ్చి ఎక్సెల్‌లో ఎక్కించమంటాం. రెండో దారి, ప్రోబ్ (ఒంటిపై ఆనించే స్కానింగ్ పరికరం) చేతికిచ్చి వాళ్లతోనే కొలిపించడం.

గతంలో ఒకచోట నేనూ అదే చేశాను, ఫ్యాటీ లివర్ మీద. రిపోర్టుల్లో 'గ్రేడ్ 1', 'గ్రేడ్ 2' అని ఉంది. కొలత ఏదీ లేదు. కిడ్నీ కంటే లివర్ ఎంత తెల్లగా కనబడిందో చూసి ఆ రోజు డ్యూటీ డాక్టర్ వేసిన అంచనా అది. సరిచూద్దామంటే మెషీన్‌లో చోటు చాలక పాత బొమ్మలు తీసేశారు. ఫైల్లో మిగిలిన థర్మల్ ప్రింట్లు బస్ టికెట్లలా వెలిసిపోయాయి. ఆ అమ్మాయి 2 నెలలూ టైపింగే చేసింది, ప్రోబ్ ముట్టలేదు.

ఇప్పుడు నా ఓటు ప్రోబ్‌కే. కాకపోతే లివర్ వద్దు, థైరాయిడ్ మేలు. లివర్, గాల్‌బ్లాడర్ చూడాలంటే పరగడుపున రావాలి. దేవరకొండ నుంచి ఫస్ట్ బస్సుకు ఖాళీ కడుపుతో వచ్చిన షుగర్ పేషెంటును మన ప్రాజెక్ట్ కోసం ఇంకాసేపు ఆపడం న్యాయం కాదు. థైరాయిడ్‌కు ఆ బాధ లేదు. ఒక్కో లోబు (గ్రంథిలో ఒక పక్క భాగం) పొడవు, వెడల్పు, మందం గుణించి 0.52తో హెచ్చవేస్తే వాల్యూమ్ వస్తుంది. గైడ్ కొలిచాక, ఆ అంకె చూడకుండా విద్యార్థి కొలవాలి. ఇద్దరి అంకెలకు తేడా ఎంత? చెయ్యి తిరిగేకొద్దీ తగ్గుతోందా? అదే ప్రశ్న. కొత్తలో అందరూ ప్రోబ్ గట్టిగా నొక్కేస్తారు, గ్రంథి అణిగి మందం తక్కువ చూపిస్తుంది. ఇది రిపోర్టుల కట్ట నేర్పదు.

"అమ్మా, మీ స్కానింగ్ అయిపోయింది. ఈ పాప ఇంకో ఐదు నిమిషాలు చూస్తది, ఇష్టం లేకుంటే వద్దనుండ్రి" అంటే, "సూడనీ సార్, సదువుకునే పిల్ల" అంటారు చాలామంది. అయినా సంతకం తీసుకోవాల్సిందే. ఎథిక్స్ కమిటీ అనుమతి రెండు దారుల్లోనూ కావాలి. గర్భిణుల స్కానింగ్ జోలికి మాత్రం పోవద్దు, అక్కడ కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ఉంది.

గైడ్‌కు రోజూ అరగంట కుదరదంటే రిపోర్టులే నయం. అప్పుడు కిడ్నీ రాళ్ల సైజులా మిల్లీమీటర్లలో రాసి ఉన్నదే ఎంచుకోండి. అప్లికేషన్ పెట్టకముందే మెషీన్ ఆన్ చేసి, బొమ్మలు ఉన్నాయో లేదో చూసుకోండి.