కాలం గీతా, చక్రమా? వ్యాపార సంబంధాల్లో మార్పును చూసే రెండు పద్ధతులు

సరఫరాదారులు, కొనుగోలుదారులు ఒకరి మీద ఒకరు ఆధారపడే చోట మార్పు మనకెలా కనిపిస్తుందన్నది, కాలాన్ని మనం ఏ రూపంలో ఊహించుకుంటామన్న దాని మీద ఉంటుంది.

గీతగా చూస్తే అంతా ముందుకే: పరిచయం, నమ్మకం, ఒప్పందం, చివరికి తెగతెంపులు. ప్లానింగ్‌కు, గడువులకు ఇది బాగా పనికొస్తుంది. కానీ తెగిన సంబంధం మళ్లీ కలవొచ్చన్న ఆలోచనే రాదు.

చక్రంగా చూస్తే పాతవి తిరిగొస్తాయి. మెమరీ చిప్‌ల మార్కెట్‌నే తీసుకోండి. కొరత వస్తుంది, ధరలు పెరుగుతాయి, అందరూ ఒకేసారి ఉత్పత్తి పెంచుతారు, సరుకు మిగిలిపోయి ధరలు పడిపోతాయి, పెట్టుబడులు ఆగుతాయి, మళ్లీ కొరత. గీతను నమ్మినవాళ్లు ధరలు పైనున్నప్పుడే విస్తరించి దెబ్బతింటారు. 2011 జపాన్ భూకంపం తర్వాత టొయోటా తన సరఫరాదారుల చేత చిప్‌లు నిల్వ పెట్టించింది. 2021 మొదట్లో చిప్‌ల కొరత ముదిరినప్పుడు చాలా కార్ల కంపెనీల కంటే ఎక్కువకాలం తట్టుకుంది. అలాంటి దెబ్బ మళ్లీ తగులుతుందని అనుకుంటేనే ఎవరైనా అంత ఖర్చుకు సిద్ధపడతారు. నిల్వల విషయంలో నా ఓటు చక్రానికే.

టెక్నాలజీ మారినప్పుడు మాత్రం చక్రం మోసం చేస్తుంది. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫిల్మ్ తయారీదారులు, ల్యాబ్‌లు, డీలర్ల మధ్య ఉన్న ఆ పెద్ద అల్లిక మునుపటి స్థాయికి తిరిగి రాలేదు. మంచిరోజుల కోసం ఎదురుచూడటం అక్కడ నష్టాన్నే పెంచింది.