తలకు రంగు: సాచెట్టా, క్రీమా, గోరింటాకా, అసలేమీ వద్దా?

నెరిసిన జుట్టు కోసం కొట్లో దొరికే రకాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. పొడి సాచెట్లు, క్రీమ్ డబ్బాలు, షాంపూలా రుద్దితే చాలనేవి, బ్లాక్ హెన్నా, హెర్బల్ బ్లాక్. డబ్బా వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదివితే మాత్రం వీటిలో చాలావరకు ఒకటే సరుకు. నలుపు ఇచ్చేది పారా ఫినైలిన్ డయామిన్, పొట్టిగా పీపీడీ. కొన్నిట్లో దాని బదులు దాని దగ్గరి చుట్టం టొల్యూన్ డయామిన్ ఉంటుంది. నిజంగా వేరే దారి గోరింటాకు, నీలి ఆకు (ఇండిగో) జంటది. ఏమీ వేయకుండా వదిలేయడం ఇంకో దారి. దానికీ తిప్పలున్నాయి కాబట్టి దాన్నీ ఇక్కడే తూచి చూద్దాం.

ముందు సాచెట్లు, క్రీముల సంగతి. క్రీమ్ డబ్బాలో రెండు ట్యూబులుంటాయి. ఒకదాంట్లో పీపీడీ, రెండోదాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండూ కలిశాక వెంట్రుక లోపల రంగు తయారవుతుంది, అందుకే కడిగినా పోదు. నీళ్లలో కలిపే పొడుల్లో పెరాక్సైడ్ పనిని చాలాసార్లు బేరియం పెరాక్సైడ్ చేస్తుంది. పని తీరులో వంక పెట్టడానికేమీ లేదు. అరగంటలో నలుపు, ఖర్చు తక్కువ, మొండి తెలుపును కూడా కప్పేస్తుంది. అభ్యంతరమల్లా అట్ట మీది మాటల మీదే. 'అమ్మోనియా లేదు' అంటే ఘాటు వాసన లేదని మాత్రమే. వెంట్రుక పొలుసులు తెరవడానికి అమ్మోనియా స్థానంలో ఇథనాలమైన్ పెడతారు. ఎలర్జీ తెచ్చే పీపీడీ మాత్రం అక్కడే ఉంటుంది. 'బ్లాక్ హెన్నా' ఇంకా పెద్ద మాయ. గోరింటాకు ఒక్కటే ఎప్పటికీ నలుపు ఇవ్వదు, ఎర్రనారింజే ఇస్తుంది. గోరింటాకు బొమ్మ వేసి అరగంటలో నలుపు అంటున్నారంటే ఆ పని చేసేది ఆకు కాదు.

పదేళ్లుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు అనేవాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పీపీడీ ఎలర్జీ మొదటిసారే రావాలని లేదు. వాడగా వాడగా ఒంటికి పడకుండా పోతుంది, ఒకసారి పడకపోతే ఇక జన్మలో పడదు. నుదురు అంచున, చెవుల వెనక, మెడ మీద దురద, నీటి పొక్కులు, మరీ ఎక్కువైతే కనురెప్పలు వాచిపోవడం దీని గుర్తులు. దురద లేకుండా కణతల దగ్గర, చెంపల మీద చర్మం మెల్లగా నల్లబడటం ఇంకో రూపం. చాలామంది దాన్ని వయసు మచ్చ అనుకుని క్రీములు రాస్తూ, పక్కనే తలకు రంగు కూడా వేస్తూ ఉంటారు. రంగు ఆపకుండా ఆ నలుపు తగ్గదు.

పరీక్ష సులువే, కానీ చేసేవాళ్లు తక్కువ. రంగును చెప్పిన పాళ్లలో కలిపి చెవి వెనకో, మోచేతి మడత లోపలో రూపాయి బిళ్లంత మేర రాసి ఆరనివ్వాలి. ప్యాకెట్ మీద 24 గంటలని ఉన్నా 48 గంటలు ఆగడం మంచిది, ఈ ఎలర్జీ ఆలస్యంగా బయటపడే రకం. బ్రాండ్ మారితే పరీక్ష మళ్లీ మొదలు. కనుబొమలకు, రెప్పలకు ఈ రంగు వాడొద్దని, చూపు పోయే ప్రమాదం ఉందని మన దేశంలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాలి. మీసానికి మాత్రం మగవాళ్లు ధైర్యంగా పూసేస్తుంటారు. పై పెదవి చర్మం సున్నితం, ముందు మండేది అక్కడే. ఇంకో మాట, సాచెట్లు పిల్లలకు అందని చోట పెట్టాలి. మింగితే గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతి చేయించే ప్రయత్నాలు మాని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక గోరింటాకు, నీలి ఆకు. రసాయనం పడనివాళ్లకు నలుపు కావాలంటే ఇదే నమ్మదగిన దారి, కానీ సగం రోజు తింటుంది. పొడి కొనేటప్పుడు పదార్థాల జాబితాలో గోరింటాకు ఒక్కటే ఉండాలి. రాజస్థాన్‌లోని సోజత్ గోరింటాకుకు పేరుంది, 2021లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది. ఇంటికొచ్చాక చిటికెడు పొడి గ్లాసు నీళ్లలో వేయండి. అడుగున ఇసుక చేరితే కల్తీ. నీళ్లు వెంటనే చిక్కటి పచ్చగా మారితే ఆకుపచ్చ రంగు కలిపారు. తడిపిన ముద్ద చేతి మీద నిమిషాల్లో నల్లగా పట్టుకుంటే అందులో పీపీడీ ఉన్నట్టే, పారేయండి.

భుజాల దాకా ఉన్న జుట్టుకు గోరింటాకు 100 గ్రాములు, నీలి ఆకు 100 గ్రాములు చాలు. పొట్టి క్రాపుకు అందులో సగం. గోరింటాకును గోరువెచ్చని నీళ్లు, చెంచాడు నిమ్మరసంతో ఇడ్లీ పిండి చిక్కదనానికి కలిపి మూత పెట్టాలి. చలికాలం రాత్రంతా నానాలి, మన ఎండాకాలంలో నాలుగైదు గంటలు చాలు. అంతకు మించి వేడిలో వదిలేస్తే రంగు సత్తా తగ్గిపోతుంది. అరచేతిలో కాస్త ముద్ద ఐదు నిమిషాలు ఉంచి తుడిస్తే నారింజ మరక నిలవాలి, అప్పుడు సిద్ధమైనట్టు. పెరుగు, గుడ్డు కలపడం మన ఇళ్లలో అలవాటే. కండిషనర్‌గా పనికొస్తాయేమో గానీ, వాటిలోని ప్రొటీన్ రంగును తానే పట్టేసుకుని జుట్టుకు మిగల్చదు. తల ముందే నూనె లేకుండా కడిగి ఆరబెట్టాలి. పాయలు తీసి కుదుళ్ల నుంచి పట్టించి, ప్లాస్టిక్ టోపీ పెట్టి రెండు మూడు గంటలు ఉంచి వట్టి నీళ్లతో కడిగేయాలి.

గోరింటాకు కడిగాక పెట్టే నీలి ఆకు పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నిమ్మకాయ వద్దు, నానబెట్టడం వద్దు. గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పుతో కలిపి 10–15 నిమిషాలు ఆగితే పైన ముదురు నీలం పొర తేలుతుంది. తేలకపోతే పొడి పాతబడిందని లెక్క, తలకు పూసినా శ్రమ దండగ. పొర కనిపించగానే పూయాలి, గంట తర్వాత దాంట్లో పస ఉండదు. గంటన్నర ఉంచి నీళ్లతోనే కడగాలి. గ్లవ్స్ లేకపోతే గోళ్లు వారం నీలంగా ఉంటాయి. కడిగిన రోజు జుట్టు కాస్త ఆకుపచ్చగా కనిపించి కంగారు పెడుతుంది. గాలి తగిలి ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. ఈ రెండు రోజులూ షాంపూ, కుంకుడుకాయ ముట్టుకోవద్దు. రంగు పట్టలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మొదటిరోజే తలంటడం, లేదా గోరింటాకు దశ దాటేసి నీలి ఆకు నేరుగా తెల్లజుట్టుకు పూయడం.

నల్లగా అక్కర్లేదు, గోధుమ చాయ చాలనుకుంటే, నానిన గోరింటాకులో అప్పుడే కలిపిన నీలి ముద్దను సగం సగం కలిపి ఒకేసారి పెట్టొచ్చు. అరవై దాటిన వాళ్లకు ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. ముఖం చాయ మెత్తబడ్డాక కాటుక నలుపు జుట్టు ముఖాన్ని ఇంకా పాలిపోయినట్టు చూపిస్తుంది. సైనస్, మెడనొప్పి ఉన్న పెద్దవాళ్లు ఒకే రోజు ఐదారు గంటలు తడి తలతో కూర్చోకుండా గోరింటాకు ఒక రోజు, నీలి ఆకు మర్నాడు పెట్టుకోవచ్చు. తర్వాత నెలకోసారి కుదుళ్లకే పెట్టాలి. ప్రతిసారీ కొసల దాకా పూస్తే జుట్టు బిరుసెక్కుతుంది. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లకు, ముఖ్యంగా చిన్నపిల్లలకు గోరింటాకు పెట్టకూడదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.

మూడో దారికి వద్దాం. ముగ్గుబుట్ట తలతో హాయిగా తిరిగేవాళ్లు ఇప్పుడు ఎక్కువే కనిపిస్తున్నారు, కానీ అక్కడికి చేరే దారి కష్టం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. క్రాపు ఉన్న మగవాళ్లకు నాలుగైదు నెలల్లో పని అయిపోతుంది. భుజాల దాకా జుట్టున్న ఆడవాళ్లకు రెండేళ్లు దాటుతుంది, అంతకాలం పాపిట తెల్లగా, కింద నల్లగా రెండు రంగులు. భుజాల పైకి కత్తిరించుకుంటే సగం బాధ తీరుతుంది. పాపిట నిటారుగా కాకుండా కాస్త వంకరగా తీస్తే గీత అంతగా కొట్టొచ్చినట్టు కనపడదు. నలుపు తీసేయడానికి పార్లర్‌లో బ్లీచ్ చేయించాలనుకుంటే ముందు ఏమేం వాడారో దాచకుండా చెప్పాలి. నీలి ఆకు పట్టిన జుట్టు బ్లీచ్‌కు ఆకుపచ్చగా మారొచ్చు. పాతికేళ్లలోపే నెరిసిన వాళ్లు మాత్రం దీన్నీ, రంగునూ పక్కన పెట్టి ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి.

తెలుపు వచ్చాక అది పసుపు తిరగకుండా కాపాడుకోవడమే మిగిలిన పని. ఎండ, పొగ, బోరు నీళ్లలోని లవణాలు, కడక్కుండా మిగిలిన నూనె దీనికి కారణాలు. ఆఖరి మగ్గు ఫిల్టర్ నీళ్లు పోసుకోవడం, నూనె రాత్రి రాసి పొద్దున్నే కడిగేయడం చాలామందికి సరిపోతుంది. అప్పటికీ పసుపు ఉంటే వారానికోసారి ఊదారంగు షాంపూ రెండు మూడు నిమిషాలు ఉంచి కడగాలి. ఎక్కువసేపు వదిలేస్తే జుట్టుకు లేత ఊదా జీర వస్తుంది, అది మామూలు షాంపూతో రెండు మూడు తలస్నానాలకు పోతుంది.