నడుం పట్టకుండా కోనసీమ: రెండు బళ్లు, నాలుగు రోజులు

హైదరాబాద్ నుంచి రాజమండ్రి దాదాపు 430 కిలోమీటర్లు. మార్చి రెండో వారంలో ఒక గురువారం పొద్దున్న 5 గంటలకి ఎల్బీనగర్ దాటాం. గోదావరి పాయల్లో సిద్ధాంతం దగ్గర వశిష్ఠని, రావులపాలెం దాటాక గౌతమిని చూసుకుంటూ సాయంత్రం 4 గంటలకి ఊళ్లో పడ్డాం. ఒళ్లు నొచ్చింది గానీ రాత్రి భోంచేసి పుష్కర ఘాట్ దాకా నడిచి రాగలిగాం. మర్నాడు డెల్టాలో తిరిగింది 140 కిలోమీటర్లే. ఆ సాయంత్రం దిండి అనే ఊళ్లో బండి దిగేసరికి వేళ్లు తిమ్మిరెక్కి హెల్మెట్ బకిల్ ఊడదీయడం నా వల్ల కాలేదు. తమ్ముడు వచ్చి, బడి నుంచి వచ్చిన పిల్లకి టై విప్పినట్టు విప్పాడు.

నాకు 43 ఏళ్లు, నాది 350 సీసీ బండి. వాడు నాకంటే తొమ్మిదేళ్లు చిన్న, ముందుకు వంగి కూర్చునే 250 సీసీ బండి. ఇద్దరం ఇదివరకు శ్రీశైలం, హంపి వెళ్లొచ్చాం. హైవే మీద అలవాటైన జాగ్రత్తలన్నీ ఇక్కడా పనికొస్తాయనుకుని బయల్దేరాం. సగమే పనికొచ్చాయి.

పనికొచ్చిన వాటిలో మొదటిది చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ముక్కలు. మందుల షాపులో దొరుకుతాయి. బండి 80 దాటాక హెల్మెట్ లోపల గాలి హోరు ఇంజిన్ చప్పుడుని మించిపోతుంది. ఆ హోరు రోజంతా వింటే సాయంత్రానికి తల దిమ్మెక్కి, ఎవరు పలకరించినా విసుగొస్తుంది. ఎండ దెబ్బ అనుకుంటాం గానీ సగం ఈ హోరే. ఫోమ్ పెట్టుకున్నా లారీ హారన్ వినపడుతుంది, హోరు మాత్రం తగ్గుతుంది. పాటలు వినే ఇయర్‌ఫోన్లతో దీనికి పోలిక లేదు, వాటి జోలికి వెళ్లొద్దు.

రెండోది, ఒళ్లు అడిగేదాకా ఆగకుండా గంటకోసారి దిగడం. కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల కింద రెండు ఎముకల మీద పడుతుంది. కదలకుండా ఉంటే అక్కడ రక్తం ఆడదు, మంట మొదలవుతుంది. ఒకసారి మొదలయ్యాక పది నిమిషాలు దిగినా తగ్గదు, అందుకే మొదలవకముందే దిగాలి. నేను జీన్స్ మానేసి, లోపల సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే మెత్త ఉన్న షార్ట్స్ వేసుకుంటున్నాను. జీన్స్ కుట్టు సరిగ్గా ఆ ఎముకల కిందకే వస్తుంది. పౌడర్ చెమటకి ఉండ కడుతుంది, కాబట్టి ఒరుసుకునే చోట వాసెలిన్ రాసుకోవడం నయం.

ఇక నీళ్లు. ఇది మగవాళ్లు రాసే బండి ప్రయాణాల్లో కనపడదు గనక కొంచెం ఎక్కువే రాస్తాను. ఆడవాళ్లం దారిలో నీళ్లు తాగనిది దాహం వేయక కాదు, బాత్రూమ్ దొరకదని భయం. ఆ భయంతో గొంతు తడుపుకుని ఊరుకుంటే మధ్యాహ్నానికి తలనొప్పి, నీరసం, గేర్ మార్చడంలో తడబాటు. పెట్రోలు బంకుల్లో తాగునీరు, గాలి, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్నది రూలు. ఈ నాలుగు రోజుల్లో తొమ్మిది బంకుల్లో అడిగాను. ఆరింటిలో శుభ్రంగానే ఉంది. ఒకచోట తాళం, తాళంచెవి ఉన్నవాడు భోజనానికి వెళ్లాడు. ఇంకోచోట లోపల ఇంజిన్ ఆయిల్ డబ్బాలు పేర్చారు. మూడోచోట గొళ్లెం లేదు, తమ్ముడు బయట కాపలా కాశాడు. విజయవాడ హైవేలో పెద్ద హోటళ్ల దగ్గర దిగులు లేదు. డెల్టా లోపలికి వెళ్లాక బంకులకంటే గుళ్ల దగ్గరి సౌకర్యమే నయం అనిపించింది.

పనికిరానిది తడిగుడ్డ. నల్లగొండ దాటేదాకా మెడకి తడి తువ్వాలు చుట్టుకుంటే కూలర్ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. అక్కడి పొడిగాలికి తడి ఇట్టే ఆరిపోతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. డెల్టాలో గాలే తడి. చుట్టూ కాలువలు, దాళ్వా (రెండో పంట వరి) చేలల్లో నీళ్లు, ఆపైన సముద్రం. తువ్వాలు మధ్యాహ్నం దాకా తడిగానే ఉండి మెడ మీద పొక్కులు తెచ్చింది. ఉక్కపోతలో ఉపాయం ఒక్కటే, తొందరగా బయల్దేరి పదకొండుకల్లా నీడకి చేరడం. వలలాంటి జాలీ గుడ్డతో కుట్టిన జాకెట్ బాగుంది గానీ, గాలి తగిలితేనే దాని ఉపయోగం. ద్రాక్షారామం వెళ్లే కాలువ గట్టు రోడ్డు మీద 35, 40 దాటి వెళ్లలేం.

చేతులు తిమ్మిరెక్కడానికి కారణమూ ఆ రోడ్లే. హైవే మీద గంటకి పదిసార్లు క్లచ్ పట్టుకుంటే ఎక్కువ. ఇక్కడ ఊరికో నాలుగు స్పీడ్ బ్రేకర్లు, కాలువ వంతెన దగ్గర ఎదుటిబండి కనపడని మలుపు, కొబ్బరికాయల ట్రాక్టరు, గేదె, స్కూలు ఆటో. క్లచ్, బ్రేకు, మళ్లీ క్లచ్. దానికి తోడు ఆ పొద్దున్నే రాజమండ్రి బంకులో గాలి పట్టే కుర్రాడు రెండు చక్రాలకీ 40 కొట్టేశాడు. నేను ఫోన్లో ఉన్నాను, చూసుకోలేదు. నా బండికి వెనక 32 చాలు. ధవళేశ్వరం బ్యారేజీ దాటేలోపే ప్రతి అతుకూ వెన్నులో తెలిసింది. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందని మ్యూజియంలో తమ్ముడు చదివి వినిపిస్తుంటే, నేను నడుం మీద చేతులు పెట్టుకుని గోడకి ఆనుకున్నాను. వాడికి అనుమానం వచ్చి గేజి పెట్టి చూశాడు.

“అక్కా, ఇది టైరు కాదే, బండరాయి.”

గాలి తీశాక కడియం నర్సరీల మీదుగా హాయిగా వెళ్లాం. టైరు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, మన గేజితో మనమే చూసుకోవాలి. అంకె బండి మీద స్టిక్కర్‌లోనే ఉంటుంది.

ద్రాక్షారామంలో భీమేశ్వరుడు రెండంతస్తుల ఎత్తు. పైకి మెట్లెక్కి దర్శనం చేసుకోవాలి. మూడు గంటలు వంచి ఉంచిన మోకాళ్లకి ఆ మెట్లే మంచి వ్యాయామం. బూట్లు, హెల్మెట్లు గుడి బయట పూజసామాన్ల కొట్టు ఆవిడ దాచిపెట్టింది. డబ్బులు వద్దంది, కొబ్బరికాయ కొనమంది. పదకొండున్నరకి రాతి నేల మీద వట్టికాళ్లతో నడవడం మాత్రం వేరే కథ.

యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది, పెట్రోలు మన వైపుకంటే చవక. రెండు ట్యాంకులూ నింపుకుని బాలయోగి వారధి ఎక్కాం. గౌతమి మీద గాలి పక్కనుంచి తోస్తుంది. అలాంటప్పుడు హ్యాండిల్ బిగించి పట్టుకుంటే చేతులే నొప్పి. మోకాళ్లతో ట్యాంకుని అదిమి, చేతులు వదులుగా ఉంచితే బండి తనంతట తనే సర్దుకుంటుంది.

అమలాపురంలో పిన్ని ఇల్లు. అసలు ప్రమాదం అక్కడుంది. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, కొబ్బరి పచ్చడి, గారెలు, గడ్డపెరుగు. చాలంటే వినదు.

“ఏంటే ఆ తిండి? పిట్టవా? అంత బండి తోలేదానివి, ఇంకో గారె వేసుకో!”

అంత తిన్నాక 2 గంటలకి బండెక్కితే దారిలో కునుకు ఖాయం. అసలే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఒంటికి మగత. హైవే మీద మేం పగలు పెరుగన్నం, అరటిపండుతో సరిపెట్టేది అందుకే. పిన్ని దగ్గర ఆ పప్పులు ఉడకవు. తిని, వసారాలో మడతమంచం మీద అరగంట పడుకున్నాం. మొత్తం ప్రయాణంలో మేం పొందిన అన్ని సేవల్లోకీ ఆ మడతమంచానికి నేను మొదటి మార్కు ఇస్తాను.

బసల సంగతి. రాజమండ్రిలో లాడ్జి 1,500. గది శుభ్రం, కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయడం లేదు, బళ్లు వీధిలో పెట్టుకోమన్నారు. సంచులన్నీ విప్పి మెట్లెక్కించడంతో మిగిలిన ఓపిక అయిపోయింది. దిండిలో నది ఒడ్డున ఒక ప్రైవేటు రిసార్టు, 4,800. కిటికీ తెరిస్తే వశిష్ఠ, అవతల కొబ్బరితోటలు, ఫొటోలకి తిరుగులేదు. పరుపు మాత్రం మనిషిని మింగేస్తుంది. నడుం కిందకి దిగిపోయి, పొద్దున్నకి నిటారుగా నిలబడటానికి ఐదు నిమిషాలు పట్టింది. పైగా టిఫిను ఎనిమిదిన్నరకి గానీ లేదు. చల్లటి గంటలన్నీ వాళ్ల డైనింగ్ హాల్ ముందు పోయాయి. సెలవుకి వచ్చేవాళ్లకి మంచిదే, బండి మీద వచ్చేవాళ్లకి కాదు.

ఆ రాత్రి నా పిక్కలు పట్టేశాయి. పగలంతా ఐదు బొండాలు తాగాను కదా, నీళ్లు తక్కువేమీ కాలేదు. తమ్ముడికి ఓఆర్ఎస్ పొట్లం మీద రాసింది చదివాక వెలిగింది. చెమటలో పోయేది ముఖ్యంగా ఉప్పు, బొండాం నీళ్లలో పొటాషియం బోలెడు గానీ ఉప్పు తక్కువ. మర్నాటి నుంచి బొండానికి తోడు ఉప్పేసిన మజ్జిగ కూడా తాగాను. పిక్కలు మళ్లీ పట్టలేదు. కోనసీమలో మజ్జిగ అడిగితే గ్లాసుతో ఆపరు, చెంబుతో ఇస్తారు.

టిఫిను కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నప్పుడే తమ్ముడు నా బండి మీద కూర్చోమన్నాడు. కళ్లు మూసుకుని చేతులు హ్యాండిల్ మీద పెట్టమన్నాడు. పెట్టాను. వేళ్లు క్లచ్ మీదకి చాచమన్నాడు. చాచగానే మణికట్టు పైకి విరిగింది, చేతి వెనక చర్మం ముడతలు పడింది. “చూశావా, రోజుకి వెయ్యిసార్లు ఇలా విరుస్తున్నావు” అన్నాడు. క్లచ్ లివర్‌ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంపు బోల్టు వదులు చేసి లివర్‌ని బొటనవేలి మందమంత కిందకి తిప్పాడు. మళ్లీ చాచాను. ఇప్పుడు మోచేయి నుంచి వేలి కొస దాకా ఒకే గీత. బ్రేకు వైపూ అంతే చేశాడు. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. బండి కొన్న మూడేళ్లలో షోరూమ్‌లో గానీ సర్వీసులో గానీ ఎవరూ ఈ మాట చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి. ఆ రోజు వేళ్లు తిమ్మిరెక్కలేదు.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం అయ్యాక, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లాం. “మనకి అక్కాతమ్ముళ్ల గట్టు లేదా?” అని వీడి గోల. ఇసుకలోకి బండి తోలాలని సరదా పడకండి, గట్టినేల మీద ఆపి నడవండి. ఇసుకలో దిగబడిన బండిని లాగితే రోజంతటి శ్రమ అక్కడే అయిపోతుంది. ఒక జంట అదే పనిలో ఉంటే మేమూ ఓ చెయ్యి వేశాం.

సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని కూడా నది దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురంలో దిగాం. చించినాడ వంతెన మీదుగా రోడ్డుంది కదా అనకండి. పంటు మీద బండి స్టాండేసి, హెల్మెట్ తీసి, నది మధ్యలో ఆ కాసేపు నిలబడటం గంట విశ్రాంతి పెట్టు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెక్కలు తడిగా ఉంటాయి, మొదటి గేరులో మెల్లగా.

పాలకొల్లు దాటాక భీమవరం దాకా చెరువులే. రొయ్యలు, చేపలు వేసుకెళ్లే వ్యాన్ల నుంచి నీళ్లు కారి రోడ్డు జారుడుగా ఉంటుంది, వాటి వెనకే అంటుకుని వెళ్లొద్దు. చీకటి పడగానే చెరువుల లైట్ల దగ్గర పురుగుల దండు. హెల్మెట్‌కి నల్ల వైజర్ (ముందు అద్దం) తప్ప ఇంకోటి తెచ్చుకోని తమ్ముడు దాన్ని పైకెత్తి తోలాడు, కంట్లో పురుగు పడింది. ఎర్రటి కన్నుతోనే భీమవరంలో లాడ్జికి చేరాం.

ఆ లాడ్జి 1,200. గోడలకి పెచ్చులూడాయి, టీవీ పనిచేయలేదు. కానీ గది కిందే, బళ్లు తలుపు ఎదురుగా, గేటుకి తాళం. దూది పరుపు, గట్టిగా. బక్కెట్టుతో వేడినీళ్లు. పెద్దాయన ఒకాయన పైపు తెచ్చి, “రేడియేటర్ మీద పురుగులు కడుక్కోండమ్మా, ఆయ్, పొద్దున్న అయిదింటికి టీ ఇప్పిస్తాను” అన్నారు. ఇప్పించారు కూడా. రిసార్టులో పావు ధరకి, నేను నిద్ర లేచిన వెంటనే వంగి లేసులు కట్టుకోగలిగింది అక్కడే.

తిరుగు ప్రయాణం ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా. విజయవాడ వరకు మెల్లగా, ఆ తర్వాత హైవే. గంటకోసారి దిగుతూ, మజ్జిగ తాగుతూ, చెవుల్లో ఫోమ్‌తో, చీకటి పడకముందే ఇంటికి చేరాం.

మొన్న ఆదివారం సీటు కుట్టే అతని దగ్గరికి బండి తీసుకెళ్లాను. పాత ఫోమ్ నొక్కి చూసి, “బాగా మెత్తగా చేసేయమంటారా మేడమ్, సోఫాలాగ?” అన్నాడు.

“వద్దు బాబూ, గట్టిగా చెయ్యి. ముందుకు జారకుండా చదునుగా.”