మిన్నెసోటాలో పేదల బీమా డబ్బు: డాక్టర్ల నుంచా, ఖజానా నుంచా?

అమెరికాలోని మిన్నెసోటాలో తక్కువ ఆదాయం వాళ్ల కోసం 1992లో మిన్నెసోటాకేర్ బీమా తెచ్చారు. ఖర్చుకు ఆసుపత్రులు, డాక్టర్ల రాబడి మీద 2 శాతం పన్ను వేశారు. లాభం మీద కాదు, మొత్తం వసూళ్ల మీద! క్లినిక్ నష్టాల్లో ఉన్నా కట్టాల్సిందే. చిన్న ఊళ్లో సొంత క్లినిక్ నడిపే డాక్టరుకు మండేది ఇక్కడే. అక్కడి వైద్యుల సంఘం ఏళ్లుగా వ్యతిరేకించింది కూడా ఈ పన్నునే, బీమాను కాదు.

రెండో దారి, ఆదాయపు పన్ను లాంటి మామూలు పన్నుల నుంచి ఇవ్వడం. భారం అందరికీ పంచుతుంది కాబట్టి నాకు ఇదే న్యాయంగా కనిపిస్తుంది. కానీ బడ్జెట్ బిగిసిన ఏడాది కోత భయం తప్పదు. డాక్టర్ల పన్నుకైతే విడిగా నిధి ఉంది, దాంట్లోనూ ప్రభుత్వాలు చెయ్యి పెట్టాయనుకోండి.

2019 చివర్లో డాక్టర్ల మీది ఆ పన్ను ముగియాల్సింది, కానీ చట్టసభ 1.8 శాతానికి తగ్గించి కొనసాగించింది.