అశ్వారావుపేటలో గెలల కోత ముఠా: మా తోట అనుభవం

పామాయిల్ గెలలు కోయించడానికి నమ్మకమైన ముఠా దొరకడం అశ్వారావుపేటలో ఎంత కష్టమో తోట ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. దమ్మపేట వైపు నుంచి వచ్చే ఒక ముఠాతో కొంతకాలంగా కోయిస్తున్నాను. వీళ్ళ పని గురించి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మాది ఒకప్పుడు జీడిమామిడి తోట. పూత మీద మంచు పడినా, టీ దోమ అనే పురుగు తగిలినా ఆ ఏడాది పంట మీద ఆశ వదులుకోవడమే. గింజలు ఏరడానికి వేసవిలో ఆడవాళ్ళు వచ్చేవారు, అక్కడితో పని అయిపోయేది. పామాయిల్ అలా కాదు. ఎకరానికి 57 చెట్లు, పది పదిహేను రోజులకోసారి కోత. పొడవాటి గెడకు కట్టిన కొడవలితో, మట్టల మధ్య ఇరుక్కున్న గెలను కింద నుంచే తెగ్గొయ్యాలి. అది అందరికీ వచ్చే పని కాదు.

ఈ ముఠా పచ్చి గెల మీద కొడవలి వెయ్యదు. చెట్టు కింద పండ్లు రాలి ఉంటేనే కోస్తారు. "ఇది ఇంకా నల్లగానే ఉందక్కా, వచ్చే కోతకు వదిలేద్దాం" అంటాడు మేస్త్రి. టన్ను లెక్కన కూలి తీసుకునే మనిషి బరువైన గెలను చెట్టు మీదే వదిలేస్తున్నాడంటే నాకు చాలా గౌరవం. 2022లో టన్ను గెలల ధర 20,000 రూపాయలు దాటినప్పుడు వేరే ముఠా ఒకటి మా తోటలో కనపడిన గెలనల్లా కోసేసింది. పచ్చి గెలలో నూనె తక్కువ. ఫ్యాక్టరీలో వచ్చే నూనె శాతాన్ని బట్టే ధర కడతారు కాబట్టి, ఒకరి తోటలో పచ్చివి కోస్తే ఆ దెబ్బ చుట్టుపక్కల రైతులందరికీ తగులుతుంది.

ఈ ముఠా వాళ్ళు గెల కాడ పొట్టిగా నరుకుతారు. కోసిన మట్టల్ని దారికి అడ్డం లేకుండా వరుసల మధ్య పరుస్తారు. రాలిన పండ్లు ఏరేది ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళు ఇదివరకు మా తోటలోనే జీడిగింజలు ఏరినవాళ్ళు. పాదుల్లో ఒక్క పండు కూడా వదలరు. బాగా పండి రాలినవాటిలోనే నూనె ఎక్కువ, వాటిని వదిలేస్తే పందులకూ ఎలుకలకూ మేపినట్టే.

ఇబ్బందులూ ఉన్నాయి. వానాకాలంలో గెలలు విపరీతంగా వస్తాయి, అప్పుడు చెప్పిన రోజుకు రారు. రెండు మూడు రోజులు టెన్షన్ పడాల్సిందే. కూలి కూడా మిగతా ముఠాల కంటే కాస్త ఎక్కువ, అయినా ఇవ్వొచ్చు. ట్రాక్టర్ వాళ్ళది కాదు, మనమే మాట్లాడుకోవాలి. కోసిన గెల 24 గంటల్లోపు ఫ్యాక్టరీకి చేరాలి కాబట్టి, బండి ఖాయమయ్యాకే మేస్త్రికి ఫోన్ చెయ్యండి. మీది లేత తోట అయితే ఉలి ఉన్న మనిషిని పంపమని ముందే చెప్పండి. చిన్న చెట్లకు కొడవలి వాడితే పక్క మట్టలు తెగుతాయి.