నిమ్మకాయా, చింతపండా, వెనిగరా: ఏ పనికి ఏది మేలు?

మా వంటింట్లో పులుపు మూడు చోట్ల ఉంటుంది. ఫ్రిజ్‌లో నిమ్మకాయలు, అటక మీద డబ్బాలో చింతపండు, సింకు కింద వెనిగర్ సీసా. ఫోన్‌లో ఏ చిట్కా చూసినా ముందు వినిపించే పేరు మాత్రం నిమ్మకాయదే. కుళాయి మీద మరకలా? నిమ్మచెక్క రుద్దండి. పొట్ట తగ్గాలా? నిమ్మరసం తాగండి. మొహం మీద మచ్చలా? మళ్లీ నిమ్మకాయే. 2022 ఏప్రిల్‌లో ఒక్కో కాయ పది రూపాయలు పలికినప్పుడు కూడా ఈ సలహాలు ఆగలేదు. ఆ వేసవిలోనే నేను లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను: ఏ పనికి నిమ్మకాయే కావాలి, ఏ పని మిగతా రెండింటితో జరిగిపోతుంది అని.

వంటతో మొదలుపెడతాను, ఎందుకంటే తేడా అక్కడే నాలుకకు తెలుస్తుంది. చింతపండు పొయ్యి మీద ఉండాల్సిన పులుపు. పచ్చివాసన పోయేదాకా మరగకపోతే అది చారు కాదు. నిమ్మరసం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మరిగిస్తే వాసన ఎగిరిపోయి చేదు దిగుతుంది, అందుకే పొయ్యి కట్టేశాకే పిండాలి. పులిహోర చూడండి. చింతపండు గుజ్జు చిక్కబడి, అంచుల్లో నూనె తేలేదాకా ఉడికించి కలిపితే రైల్లో మర్నాడు పొద్దున కూడా ఆకు విప్పి తినొచ్చు. పైగా రెండో పూటకే దాని రుచి. నిమ్మకాయ పులిహోర పది నిమిషాల పని, మధ్యాహ్నం బాక్సుకి బ్రహ్మాండం, సాయంత్రానికి ఆ తాజాదనం ఉండదు. ప్రయాణానికి చింతపండు, ఆఫీసుకి నిమ్మకాయ. వెనిగర్‌కి మన తిండితో పెద్ద చుట్టరికం లేదు. మంచూరియా చేసే రోజున సీసా మూత తీస్తాం, అంతే.

ఇక ఆరోగ్యం. మనం నిమ్మకాయ అనేది చిన్నగా, గుండ్రంగా, పల్చటి తొక్కతో ఉండే కాయ. యూరప్‌వాళ్ల పెద్ద పసుపు నిమ్మ వేరే రకం. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో బ్రిటిష్ నౌకాదళానికి తెలిసొచ్చింది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు విటమిన్ సి లేక చిగుళ్లు కుళ్లిపోయే స్కర్వీ రోగులకు రకరకాల మందులు పెట్టి చూశాడు. అందులో వెనిగర్ కూడా ఉంది. కోలుకున్నది నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే. 1795 నుంచి నావికులకు నిమ్మరసం ఇవ్వడం మొదలై స్కర్వీ దాదాపు పోయింది. 1860ల్లో ఆ పసుపు నిమ్మల బదులు వెస్టిండీస్ నుంచి మన కాయలాంటి చిన్న నిమ్మల రసం తెప్పించుకున్నారు. 1875లో ఆర్కిటిక్ యాత్రకు వెళ్లిన నావికులకు స్కర్వీ మళ్లీ వచ్చింది. చిన్న నిమ్మలో విటమిన్ సి తక్కువ, నిల్వ ఉంచిన రసంలో ఆ కాస్త కూడా మిగల్లేదు.

లెక్కలో చెప్పాలంటే 100 గ్రాముల పసుపు నిమ్మలో సుమారు 53 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే, చిన్న నిమ్మలో 29 ఉంటుంది. ఒక కాయ పిండితే వచ్చేది రెండు మూడు చెంచాల రసం. దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2020లో చెప్పిన ప్రకారం రోజుకు మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు కావాలి. అంటే పొద్దున్నే గ్లాసు నీళ్లలో అరచెక్క పిండుకుని ఈ పూటకి సి విటమిన్ అయిపోయిందనుకుంటే పొరపాటే. చిన్న జామకాయ ఒకటి తింటే ఆ రోజు కోటా అయిపోతుంది, ఉసిరికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. చింతపండులో అయితే ఈ విటమిన్ నామమాత్రం.

మరి నిమ్మకాయ దండగా? కానే కాదు. ఆకుకూరలు, పప్పులు, ఉలవల్లో ఉండే ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. విటమిన్ సి తోడైతే బాగా పడుతుంది. తోటకూర వేపుడు మీద, ఉడికించిన శనగల మీద ఆఖర్న పిండే నాలుగు చుక్కలకు అందుకే విలువ. రక్తహీనత ఉన్న ఇంట్లో పొద్దున్నే తాగే నిమ్మరసం కంటే కంచంలో పిండుకునే చెక్కే మేలు. భోజనం చేస్తూనే టీ తాగితే మాత్రం ఆ లాభం చాలావరకు పోతుంది. కిడ్నీలో కాల్షియం రాళ్లు ఒకసారి వచ్చి పోయినవాళ్లకు నిమ్మరసం కలిపిన నీళ్లు ఎక్కువ తాగమని డాక్టర్లు చెబుతుంటారు, ఇందులోని సిట్రేట్ కొత్త రాళ్లు కట్టకుండా అడ్డుపడుతుంది కనుక. వేడినీళ్లు, తేనె, నిమ్మరసం కలిపితే కొవ్వు కరుగుతుందనేది మాత్రం నమ్మకండి. రెండు చెంచాల పంచదార వేసిన టీ మానేసి అది తాగితే ఆ పంచదార తగ్గుతుంది, అదే లాభం. తాగాక నోరు పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేయకండి. పులుపుకి మెత్తబడ్డ పంటి పైపొర అరిగిపోతుంది.

మొహానికి మాత్రం వద్దు. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలెక్కి, నల్లటి మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

శుభ్రం చేసే పనుల్లో నిమ్మకాయ చాలాచోట్ల ఓడిపోతుంది. పండగ ముందురోజు ఇత్తడి కుందులు తోమడానికి పులుసు పిండేశాక మిగిలిన చింతపండు పిప్పికి మించింది లేదు. చిటికెడు కల్లుప్పు వేసి రుద్దితే పిప్పి నకాషీ సందుల్లోకి దూరి అక్కడే అంటుకుని ఉంటుంది, నిమ్మరసంలా జారిపోదు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, తడి ఉంటే మర్నాటికి మళ్లీ మచ్చలే. బోరు నీళ్లకు కెటిల్ అడుగున కట్టే తెల్లటి పొరకు అయిదారు కాయలు పిండటం దుబారా. సగం నీళ్లు, సగం వెనిగర్ పోసి కాచి అరగంట వదిలేస్తే పెచ్చులుగా ఊడొస్తుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు ఒక చెంచా వేసినా అదే పని జరుగుతుంది. అదీ సిట్రిక్ ఆమ్లమే, వెనిగర్‌లా ముక్కు బద్దలయ్యే వాసన ఉండదు. నా ఓటు దానికే.

నేల దగ్గర ఈ మూడూ శత్రువులే. మా పాత ఇంట్లో తాండూరు బండలు. ఒకసారి పెళ్లివాళ్ల షర్బత్ కోసం కింద కూర్చుని యాభై కాయలు కోశాం. మర్నాడు తడిగుడ్డ పెడితే రసం కారిన ప్రతి చోటా మెరుపు పోయి తెల్లటి చారలు కనబడ్డాయి. ఎంత తోమినా పోలేదు, ఎందుకంటే అవి మరకలు కావు, రసం బండనే కాస్త తినేసింది. తాండూరు, కడప బండలు సున్నపురాయి, పాలరాయిదీ అదే తంతు. గ్రానైట్ గట్టుకి ఆ బెడద తక్కువ. ఇంకో మాట, బ్లీచింగ్ పౌడర్ చల్లిన బాత్రూంలో ఈ మూడింట్లో ఏదీ పోయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

నిమ్మకాయ గెలిచేది నీచు వాసన దగ్గర. చేపలు శుభ్రం చేసిన చేతులకు సబ్బు రెండుసార్లు పట్టించినా పోనిది, పిండేసిన నిమ్మతొక్కతో ఒకసారి రుద్దితే పోతుంది. ఆ వాసనకు కారణమైన అమీన్లు అనే పదార్థాలను ఆమ్లం వాసన రాని లవణాలుగా మార్చేస్తుంది. వెనిగర్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే తర్వాత చేతులు వెనిగర్ కంపు కొడతాయి. మసాలా వాసన పట్టిన మిక్సీ జార్‌లో కూడా అవే తొక్కల ముక్కలు, గ్లాసుడు నీళ్లు వేసి ఒకసారి తిప్పితే చాలు. వీటికోసం కొత్త కాయ కోయక్కర్లేదు. పొద్దున శనగల మీద పిండిన మూడు తొక్కలు డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఆదివారం రొయ్యలు తెస్తామన్నారు.